నవలలో లేని మాటలు

ఫోను వచ్చినప్పుడు నేను పాలు తోడు పెడుతున్నాను. అవతల ఒక డైరెక్టరుగారి దగ్గర పనిచేసే అమ్మాయి. "మేడమ్, నాటకాల్లో ఆ రైతు భార్య వేషం మీరే కదా వేసేవారు? ఆ నాటకానికి మూలమైన నవలని మేం సినిమాగా తీస్తున్నాం. సార్ మిమ్మల్ని ఒకసారి ఆఫీసుకి రమ్మన్నారు," అంది. సరేనమ్మా అన్నాను. ఫోను పెట్టేశాక తోడు వేశానో లేదో గుర్తులేక మళ్ళీ వేసినట్టున్నాను. మర్నాడు పెరుగు పుల్లగా ఉందని మా ఆయన ఒక్క మాటా అనలేదు. అప్పటికే ఆయనకు నా సంగతి అర్థమైపోయింది.

మేమిద్దరం మధురానగర్‌లో మేడ మీద రెండు గదుల్లో అద్దెకుంటాం. పిల్లలు లేరు. మాది కృష్ణా జిల్లా. మా నాన్న మిషన్ బడిలో ఉపాధ్యాయుడు, క్రిస్మస్‌కి పిల్లల చేత నాటకాలు వేయించేవాడు. అక్కడ పట్టుకున్న పిచ్చి నన్ను వదల్లేదు. పెద్దయ్యాక ఊళ్ళోని నాటక సమాజంలో చేరాను. ఆ సమాజంలో తెర పక్కన నిలబడి నటులకు మాట అందించే ఆయన్నే పెళ్ళి చేసుకున్నాను.

ఆ నవల కథ పెద్దదేం కాదు. ఒక రైతు పొద్దున్నే సంతకని బయల్దేరి మరి తిరిగి రాడు. భార్య పిల్లల్ని, పొలాన్ని, మంచాన పడ్డ అత్తగారిని ఒక్కతే చూసుకుంటుంది. పన్నెండేళ్ళ తర్వాత ఒక సాయంత్రం అతను ఉత్తచేతులతో వచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. దీన్ని మా ఊరి హైస్కూలు మాస్టారు ఒకాయన నాటకంగా రాశారు. నాటకంలో ఆ చివరి సాయంత్రమే ప్రాణం. ఊరి పెద్దలందరూ చూస్తుండగా ఆవిడ భర్తను నిలదీస్తుంది. "పన్నెండేళ్ళు ఈ వాకిట్లో నేను పెట్టిన ముగ్గులన్నీ ఎవరి అడుగుల కోసమనుకున్నావు?" అని మొదలుపెట్టి, గుక్క తిప్పుకోకుండా మాట్లాడి, మాట్లాడి, "ఈ తలుపు నేను మూయలేదు. ఆ రోజు బయట గడియ పెట్టుకుని వెళ్ళింది నువ్వే. తీసుకో, నీ చేతనైతే!" అని తలుపు వేసేస్తుంది. తెర పడుతుంది. తెర పడ్డాక కూడా చప్పట్లు ఆగేవి కావు. నాటక పరిషత్తు పోటీల కోసం మేము తిరగని ఊరు లేదు. వెళ్ళిన ప్రతిచోటా జనం నన్ను ఆ పాత్ర పేరుతోనే పిలిచేవారు. కూరగాయల బజారులో ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని ఏడ్చేవారు. నేను వాళ్ళ తరఫున ఎవర్నో తిట్టినట్టు సంతోషించేవారు.

ఆ చప్పట్లు విని విని, సినిమాల్లోకి వెళ్తే బాగుపడతామని నగరానికి వచ్చాం. బాగుపడలేదు. పెళ్ళి సీన్లలో వెనక వరుసలో అక్షింతలు వేశాను. ఆసుపత్రి సీన్లలో డాక్టరు తల అడ్డంగా ఊపితే కొంగు నోట్లో కుక్కుకున్నాను. సీరియళ్ళలో పక్కింటావిడగా కొన్నాళ్ళు గడిచింది. ఈ మధ్య అదీ లేదు. తల్లి వేషానికి వయసెక్కువ, బామ్మ వేషానికి తక్కువ అన్నారు. ఆ రెంటికీ మధ్య ఉన్న ఆడవాళ్ళు కథల్లో ఎక్కడికి పోతారో నాకు తెలియదు. ఇంట్లో కూర్చుని ఫోను వంక చూడటం తప్ప నాకు పని లేకుండా పోయింది. అలాంటప్పుడు వచ్చింది ఆ పిలుపు.

ఫిల్మ్ నగర్‌లో ఎత్తు మీదికి ఎక్కే సందులో ఉంది ఆఫీసు. ఆటో అతను సగంలోనే దింపేశాడు. నా మోకాళ్ళు ఆ ఎత్తు ఎక్కడానికి ఒప్పుకోలేదు. అయినా ఆగకుండా ఎక్కాను, చెమట తుడుచుకుని, కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళాను. ఆగి ఆగి వచ్చినట్టు కనబడకూడదని నా తాపత్రయం.

డైరెక్టరు కుర్రవాడే. లేచి వచ్చి వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"అమ్మా, మీ నాటకం నేను చిన్నగున్నప్పుడు చూసిన. మా ఊర్ల పోటీలు పెట్టిండ్రు. మా అమ్మ ఒళ్ళె కూసొని చూసిన. మీరు తలుపు మూయంగనే మా అమ్మ ఏడ్సింది. గప్పుడే అనుకున్న, ఎప్పటికైనా గీ కథ తియ్యాలె అని."

"చాలా సంతోషం బాబూ. నాకు ఏ పాత్ర అనుకుంటున్నారు?"

అతను కిందికి చూశాడు. "పాత్ర కాదమ్మా. మా హీరోయిన్‌కు తెలుగు రాదు. మీ దిక్కు మాట, నిలబడుడు, కూసునుడు, కొంగు దోపుడు అన్నీ ఆమెకు నేర్పాలె. మీకంటె బాగ ఎవరు నేర్పుతరు?"

"ఆఖర్లో ఆవిడకి వయసొస్తుంది కదా బాబూ. ఆ భాగం వరకైనా..."

"గది గూడ ఆమెనే చేస్తదమ్మా, మేకప్ తోని."

"అత్తగారి వేషం?"

"దానికి వేరేటోళ్ళను మాట్లాడినం."

"పోనీ, ఊళ్ళో ఆడవాళ్ళు ఉంటారు కదా. నూతి దగ్గర ఎవరో ఒకరు."

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే వినబడింది. పెద్ద పాత్రతో మొదలుపెట్టి నూతి దగ్గరకు దిగిపోయాను. అతనికి నా మొహం చూడటం కష్టమైంది. "చూద్దామమ్మా. ఫికర్ చేయకున్రి," అన్నాడు. పరిశ్రమలో చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. తెలిసీ ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చాను.

వచ్చేముందు అతను నవల నా చేతిలో పెట్టి, "మళ్ళొకసారి చదువున్రి," అన్నాడు. మళ్ళీ అన్న మాటకు తల ఊపాను. నేనా నవల ఎప్పుడూ చదవలేదు. నాటకం రాతప్రతి నాకు కంఠతా వచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాను. నాటకాన్నే నవల అనుకున్నాను.

భోజనాలయ్యాక కిటికీ దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. నాలుగైదు పేజీలకే ఏదో తేడా తెలిసింది. నవలలోని ఆవిడ ఎక్కువగా మాట్లాడదు. పని చేస్తుంది. నాట్లు వేస్తుంది, అత్తగారికి నీళ్ళు పోస్తుంది, పిల్లకు జడ వేస్తుంది. ఎవరైనా మొగుడి సంగతి ఎత్తితే వినబడనట్టు ఉంటుంది. నేను ఆ చివరి సాయంత్రం కోసం చదువుకుంటూ పోయాను. వచ్చింది. అతను గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆవిడ చూసింది. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. కాళ్ళు కడుక్కోండి అంది. గేదెకు కుడితి పెట్టడానికి దొడ్లోకి వెళ్ళింది. అంతే. తర్వాత తెల్ల కాగితం. పేజీలు ఊడిపోయాయేమోనని అట్ట దాకా తిప్పి చూశాను.

"ఏమండీ, దీంట్లో ఆఖరి సీను లేదు," అన్నాను.

మా ఆయన పేపరు పక్కన పెట్టాడు. "ఉండదు. అంతే ఉంటుంది."

"మీకు తెలుసా?"

"మన పెళ్ళికి ముందే చదివాను."

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మర్నాటి నుంచి నీకు అనుమానం పట్టుకునేది. మాట మర్చిపోయినవాళ్ళకి అందించగలను. అనుమానం వచ్చినవాళ్ళకి నేనేం అందిస్తాను?" అన్నాడు.

ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. కోపం ఆయన మీద కాదు. అన్ని ఊళ్ళలో, అన్ని వందల మంది ముందు నేను ఎవరి గొంతుతో అరిచాను? నేను ఆవిడనే అనుకుని బతికాను. ఆవిడకు ఆ మాటల్లో ఒక్కటీ తెలియదు. నన్ను చూస్తే ఎవరో ఊరి గయ్యాళి అనుకునేదేమో. పడుకున్నా, లేచినా అదే ఆలోచన. నాకు ఇంకేమీ లేదు, ఆ ఒక్క సాయంత్రం తప్ప. అదీ నాది కాదని తేలింది.

మర్నాడే ఆఫీసుకు వెళ్ళాను, ఎవరూ పిలవకుండానే. "బాబూ, ఆ చివర నాటకంలోది పెట్టండి. నవలలో చప్పగా ఉంది. జనం ఆ మాటలకే చప్పట్లు కొట్టారు," అన్నాను.

"కొడ్తరమ్మా. నేను గూడ కొట్టిన."

"ఒక్కసారి చూడండి. చూశాక మీ ఇష్టం."

అతను వద్దనేలోగా లేచి నిలబడ్డాను. ఆఫీసు తలుపునే గుమ్మం చేసుకున్నాను. బల్లల దగ్గర పనిచేసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. మొదలుపెట్టాను. గొంతు అదుపులోనే ఉంది, ఒక్క మాట జారలేదు. మధ్యలో ఆవిడ గడప మీద కూలబడి నేలను చేత్తో కొట్టే చోటు ఉంది. అక్కడ కూలబడ్డాను. లేచి తలుపు వెయ్యాలి. మోకాళ్ళు లేవనివ్వలేదు. నేల మీద కూర్చునే చివరి మాటలు అనేశాను. తలుపు ఎవరూ వెయ్యలేదు. డైరెక్టరు, ఆ ఫోను చేసిన అమ్మాయి వచ్చి చెరో భుజం పట్టుకుని లేపారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకతను తన ఫోనులో అంతా తీసుకున్నాడు, అది అప్పుడు నాకు గర్వంగానే అనిపించింది.

డైరెక్టరు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇక ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

"మస్తుందమ్మా. కాని గిది నవల కాదు. గామె గిట్ల అన్లేదు."

"అనుంటే బాగుండేది కదా బాబూ!"

"బాగుండేదేమో. అన్లేదు గద," అన్నాడు. ఎంతో మెత్తగా అన్నాడు. కసిరి ఉంటే నేను తట్టుకునేదాన్ని.

హీరోయిన్‌కు జూబ్లీ హిల్స్‌లో ఒక గెస్ట్‌హౌస్ ఇచ్చారు. రోజూ పొద్దున కారు పంపేవారు. ఆ అమ్మాయి ఉత్తరాది పిల్ల, పేరున్న నటి. నాకు నచ్చకూడదని నేను గట్టిగా అనుకుని వెళ్ళాను. అది సాగలేదు. చెప్పింది చెప్పినట్టు చేసేది. చీర కట్టుకుని వంగి ఊడవడం, చేట పట్టడం, తలమీద గడ్డిమోపు నిలపడం, పగలంతా చేసి చేతులు బొబ్బలెక్కించుకుంది. తెలుగు మాత్రం నోరు తిరిగేది కాదు. 'ళ' పలకమంటే నాలుక మడత పెట్టలేక నవ్వేసేది.

ఒకరోజు ఆ చివరి సీను దగ్గర ఆగింది. "అమ్మా, హస్బెండ్ బ్యాడ్ మనిషి. క్యోం పానీ? నీళ్ళు ఎందుకు ఇవ్వాలి?"

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పలేకపోయాను. "కోపం అమ్మా. చాలా కోపం. అందుకే రెండే మాటలు," అన్నాను.

"కోపం?" అని నా కళ్ళలోకి చూసింది. అయినా నమ్మింది. నేను కనుబొమలు ఎలా ముడవాలో, చెంబు ఎంత చప్పుడయ్యేలా పెట్టాలో, చివరి అక్షరం దగ్గర గొంతు ఎలా లేపాలో చూపించాను. నా నాటకంలోని మాటలన్నింటినీ ఆ రెండు మాటల్లోకి కుక్కాలని చూశాను. నేను చేయలేకపోతే ఆ పిల్ల చేతనైనా చేయిద్దామనుకున్నాను.

ఆ ఆదివారం చర్చిలో మోకరించి ప్రార్థన చేస్తున్నాను. ప్రభువా, ఎలాగైనా ఆ వేషం నాకే రానివ్వు అని అడుగుతూ అడుగుతూ, ఆ అమ్మాయికి పచ్చకామెర్లో ఏదో వచ్చి మానుకుంటే అన్న మాట దాకా వచ్చేశాను. నా నోటి చివర ఉన్న ఆ మాట చూసి నాకే ఒళ్ళు జలదరించింది. ముందు వరుసల వాళ్ళు రొట్టె, ద్రాక్షరసం సంస్కారం తీసుకోవడానికి లేస్తున్నారు. నేను వెళ్ళలేదు. మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు. తల నొప్పిగా ఉందని చెప్పి బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడ్డాను. రొట్టె పట్టుకునే చేతులు కావవి ఆ పూట.

చివరి సీను షూటింగు ఒక స్టూడియోలో వేసిన పల్లె సెట్టులో. అరుగు, గుమ్మం, దొడ్డి అన్నీ మా ఊరినే తెచ్చినట్టు వేశారు. నన్ను కెమెరా పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పిల్లకు జుట్టు నెరిపించారు, కళ్ళ కింద గీతలు వేశారు. చెంబు తెచ్చింది. చప్పుడు కాకుండా పెట్టింది. అతని మొహం వైపు చూడలేదు, కాళ్ళ వైపు చూసింది. రెండు మాటలూ అంది. పని మధ్యలో ఎవరో వస్తే అన్నట్టు, అలసిపోయి ఉన్న మనిషి అన్నట్టు అంది. తిరిగి వెళ్ళిపోయింది. కట్ అనడం కూడా మర్చిపోయాడు డైరెక్టరు. సెట్టులో లైట్లు మోసేవాళ్ళు సైతం కదల్లేదు.

ఆ పిల్ల నేరుగా నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, సారీ. కోపం రాలేదు. అతని కాళ్ళు చూశాను. పూరా మట్టి. చాలా నడిచాడు. అంతే అనిపించింది."

"బాగా చేశావమ్మా," అన్నాను. ఆ పిల్ల నన్ను కౌగలించుకుంది. ఆ మేకప్ వాసన, ఆ చీర వాసన. నేను వేసుకోవలసిన చీర. విడిపించుకుని నటుల కేరవాన్ బళ్ళ వెనక్కి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. పొద్దున తిన్నదంతా అక్కడే వాంతి చేసుకున్నాను.

అదంతా అయిపోయిందనుకున్నాక మళ్ళీ ఫోను. ఈసారి డైరెక్టరే. "అమ్మా, హీరోయిన్‌కు డబ్బింగ్ చెప్పించాలె. ఆమె తెలుగు నడ్వదు. వయసులున్న భాగానికి ఒక అమ్మాయి చెప్పింది, మంచిగనే ఉన్నది. ఆఖరి భాగం ఆ గొంతు పల్చగ ఉంటున్నది. మీరు చెప్తరా?"

చెప్తారా అని అడిగాడు! ఫోను పట్టుకునే కుర్చీలో కూలబడ్డాను. మొహం కాకపోతేనేం. ఆ నోటి నుంచి వచ్చేది నా గొంతు. రాష్ట్రమంతా వింటుంది. మా ఆయన అల్లం, మిరియాలు వేసి కషాయం కాచి ఇచ్చాడు. రెండు రోజులు నాతో ఎక్కువ మాట్లాడించలేదు, గొంతు అలసిపోతుందని.

డబ్బింగ్ థియేటరు ఫిల్మ్ నగర్‌లోనే. గదిలో నేను ఒక్కదాన్ని, ముందు మైకు, ఎదుట తెర మీద ఆ పిల్ల మొహం. అద్దం అవతల డైరెక్టరు, సౌండ్ చూసే అతను. పెదవి కదిలే చోట మాట పడాలి, అంతే సూత్రం. మిగిలిన సీన్లన్నీ బాగా వచ్చాయి. అత్తగారితో మాటలు, కొడుకును కోప్పడటం అన్నీ ఒకటి రెండు టేకుల్లో అయిపోయాయి. అద్దం అవతల ఇద్దరూ నవ్వుతున్నారు. నా ఒళ్ళు తేలిపోతోంది. ఆఖరిగా ఆ రెండు మాటలు వచ్చాయి.

చెప్పాను. మళ్ళీ అన్నారు. చెప్పాను. మళ్ళీ.

"అమ్మా, జర తగ్గించున్రి."

తగ్గించాను. అప్పుడు గుసగుసలా వచ్చింది. పెంచాను. పరిషత్తు వేదిక మీదికి వెళ్ళిపోయింది. కోపం తీసేస్తే జాలి వచ్చి కూర్చుంది. జాలి తీసేస్తే ఏమీ మిగల్లేదు, పేపరు చదివినట్టుంది.

డైరెక్టరు లోపలికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "అమ్మా, మీరు హాల్ల ఆఖరి వరుసకు వినబడేటట్టు అంటున్నరు. ఆయన మీ ముంగటనే ఉన్నడు."

"అవును బాబూ," అన్నాను. అర్థమైంది. అర్థమైనా నోరు వినలేదు. అన్నేళ్ళూ నేను ఆఖరి వరుసకే మాట్లాడాను. ఎదురుగా ఉన్న మనిషితో ఒక్కసారైనా మాట్లాడానా అని ఆ మైకు ముందు నిలబడి వెతుక్కున్నాను. నాటకంలో భర్త వేషం వేసినవాళ్ళ మొహాలే నాకు గుర్తురాలేదు. భోజనాల వేళ దాటిపోయింది. ఎవరూ లేవలేదు. తెర మీద ఆ పిల్ల మళ్ళీ మళ్ళీ చెంబు తెస్తోంది, మళ్ళీ మళ్ళీ వెళ్ళిపోతోంది. ఇంకొక్కసారి బాబూ, ఇంకొక్కటి, అని నేనే బతిమాలుతున్నాను. చివరికి గొంతు బొంగురుపోయాక ఒకటి చెప్పాను. "ఓకే అమ్మా," అన్నాడు. ఆ ఓకే ఎలాంటిదో నా చెవికి తెలుసు. తెలియనట్టు బయటికొచ్చాను.

ప్రివ్యూకి మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చిన్న థియేటరు, సినిమావాళ్ళ కుటుంబాలు. సినిమా రెండో సగంలో తెల్లజుట్టుతో ఆ పిల్ల కనబడి నోరు తెరవగానే నా గొంతు వచ్చింది. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అలా పట్టుకునే ఉన్నాడు. ఆ సాయంత్రం వచ్చింది. అతను వచ్చి నిలబడ్డాడు. చెంబు అరుగు మీద పెట్టింది.

"కాల్లు కడుకోండి."

నేను కాదు. ఆ పిల్లే. సెట్టులో ఆ రోజు రికార్డయిన మాటే, తప్పు తప్పుగా, 'ళ' లేకుండా, ఒత్తు లేకుండా. అలాగే ఉంచేశారు. థియేటరులో ఎవరికీ తప్పు వినబడలేదు. నా ముందు వరుసలో ఒకావిడ వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తోంది. మా ఆయన నా చెయ్యి వదల్లేదు గానీ, నా వైపు చూడలేదు.

లైట్లు వేశాక డైరెక్టరు మనుషుల్ని తోసుకుంటూ వచ్చాడు. "అమ్మా, మీది పెట్టి చూసిన. ఆమెది పెట్టి చూసిన. తప్పు పలికిందని తెలుసు. కాని అది తీస్తే అక్కడ ఏదో పోతున్నది. ఏం పోతున్నదో నాకు చెప్పొస్తలేదు. మాఫ్ చెయ్యున్రి."

"మీకు ఏది కుదిరితే అదే బాబూ. సినిమా బాగుంది," అన్నాను. నిజంగానే బాగుంది. అదే నన్ను చంపింది. చెడగొట్టి ఉంటే జీవితాంతం తిట్టుకుంటూ బతికేదాన్ని.

థియేటరు నుంచి బయటికొచ్చి రోడ్డు మీదికి నడిచాం. ఒక మూసిన షాపు మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. అప్పుడు వచ్చింది ఏడుపు. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు. చూస్తే చూశారు.

"నేను ఇన్నేళ్ళు ఎవర్ని ఆడానండీ?"

"మాస్టారు రాసిన మనిషిని ఆడావు. ఆవిడా మనిషే," అన్నాడు మా ఆయన.

"ఎక్కడుంది ఆవిడ? నవలలో లేదు. సినిమాలో లేదు. మాస్టారు పోయారు. ఆ నాటకం ఇప్పుడు ఎవరు ఆడుతున్నారు? ఎక్కడుందో చెప్పండి."

ఆయన నా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఆటోలు ఆగి, ఎక్కడికి అని అడిగి, మేము పలకకపోతే వెళ్ళిపోతున్నాయి.

సినిమా విడుదలైంది, ఆడింది. ఆ పిల్లను అందరూ మెచ్చుకున్నారు. చివర్లో ఆ మాట అనడం గురించే రాశారు. నా పేరు భాషా సహకారం అని చివర్లో పడుతుంది, జనం లేచి వెళ్ళిపోయేటప్పుడు. డైరెక్టరు అప్పుడప్పుడు ఫోను చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాడు. మంచివాడు.

ఆఫీసులో ఆ రోజు ఫోనులో తీసిన వీడియో ఎలాగో బయటికి వచ్చింది. మా కింది వాటా వాళ్ళ అమ్మాయి తెచ్చి చూపించింది, నేను సంతోషిస్తానని. నేల మీద కూర్చుని చేత్తో నేలను కొడుతున్న ముసలావిడ. కొందరు బాగుందన్నారు, పాత నాటకాలు గుర్తొచ్చాయన్నారు. ఎక్కువమంది నవ్వారు. ఓవరాక్షన్ బామ్మ అని పేరు పెట్టారు. నా గొంతుకు వాళ్ళ పెదవులు కదిపి ఆడపిల్లలు, మగపిల్లలు వీడియోలు చేశారు. వాళ్ళకు ఒక్క మాటా తప్పు పోలేదు. బామ్మ వేషానికి వయసు చాలదన్నవాళ్ళు ఇప్పుడేమంటారో అని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు.

తర్వాత ఒక కామెడీ కార్యక్రమం వాళ్ళు ఫోను చేశారు. "మేడమ్, అదే డైలాగు, అదే చీర, మీరు వచ్చి చెబితే చాలు. మా వాళ్ళు పక్కన రియాక్షన్లు ఇస్తారు," అన్నాడు ఒకతను, ఎంతో మర్యాదగా. నాకు వెంటనే వద్దని నోరు రాలేదు. కెమెరా ముందు, లైట్లలో, ఆ మాటలు మొదటి నుంచి చివరి దాకా. ఇంకెక్కడా దొరకదు ఆ అవకాశం. ఆలోచించి చెబుతానన్నాను.

మా ఆయన అంతా వింటున్నాడు. మా కాపురంలో ఎప్పుడూ గొంతు లేపని మనిషి. "నువ్వు వెళ్తే నేను ఈ ఇంట్లో ఉండను," అన్నాడు. అని, తనకే భయం వేసినట్టు వెళ్ళి వంటగదిలో గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు.

వెళ్ళలేదు. ఆయన కోసం మానుకున్నానని ఆయన అనుకుంటున్నాడు. నిజానికి మానుకున్నది వాళ్ళు. రెండు రోజుల తర్వాత నేనే ఫోను చేశాను, వస్తానని చెప్పడానికి. వేరే ఎవర్నో పెట్టేసుకున్నామన్నారు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో ఇంకో ఆఫీసు నుంచి పిలిచారు. ఇంకెవరో హీరోయిన్‌కు మాట నేర్పాలి. పోలీసు వేషమట, మా జిల్లా తిట్లు కావాలట. వెళ్ళాను. ఏమీ అడగకూడదని దారంతా అనుకుంటూ వెళ్ళి, టీ ఇవ్వగానే అడిగేశాను, నాకేదైనా చిన్న వేషం ఉందా అని. ఆ కుర్రవాడు తల గోక్కుని, స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చే ఆవిడ ఒకరున్నారు, మాటలుండవు, చూద్దాం మేడమ్ అన్నాడు. మాటలు లేకపోయినా ఫర్వాలేదన్నాను. ఇంటికొచ్చాక మా ఆయన ఏమన్నారని అడిగాడు. ఉంది ఒక వేషం అని చెప్పాను. ఆయన చాలా సంతోషించాడు.